క్రొత్త పాట, పాత చెవి

ఈ యేటి సంచికకు "విద్యార్థులు – వినోదము" అను విషయమునుగూర్చి నాలుగు మాటలు వ్రాయుమని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. వినోదమునుగూర్చి హితోపదేశము చేయు వ్యాసములు ఈ పత్రిక పాత సంచికలలో చాలినన్ని కలవు. అందు రెండు మేము వ్రాసినవే. వానిని మఱల చదువుకొనగా మాకే ఆవులింత వచ్చినది. కావున ఆ త్రోవ విడిచి సినిమా పాటనుగూర్చియు, ముఖ్యముగా పాత పాటను మెచ్చుకొనుచు క్రొత్త పాటను త్రోసివేయు మాబోటి పెద్దలనుగూర్చియు వ్రాయ నిశ్చయించితిమి. మేము సంగీత విద్వాంసులము కాము. రాగము పేరడిగినచో తడబడుదుము. జవాబు పత్రములు దిద్దుచు, ఆదివారము సాయంకాలము చొక్కాలు ఇస్త్రీ చేసికొనుచు పాటలు వినువారిలో మేమొకరము. అట్టివారికి పాటమీద తీర్పు చెప్పు నధికారము లేదని కొందఱనవచ్చును. కాని వార్షికోత్సవమునకు ఏ పాట పాడవలెనో, ఏది పాడగూడదో నిర్ణయించు పనిని ఈ పాఠశాల చాల యేండ్లుగా మాకే అప్పగించినది. ఆ యధికారమును మేమెట్లు వినియోగించితిమో ముందుగా చెప్పవలసియున్నది.

2024–25 విద్యాసంవత్సరములో, క్రిస్మసు సెలవులకు ముందు, పదియవ తరగతి బాలురు నలుగురు మాయొద్దకు వచ్చి, వార్షికోత్సవమునకు తాము "బలగం" అను చిత్రములోని పల్లెటూరి పాట పాడుదుమనిరి. వారిలో ఒకడు తన తాతయొద్ద డప్పు నేర్చినవాడు. ఆ డప్పును తెచ్చి తానే వాయింతుననియు, బయటినుండి వాద్యగాండ్రకు కూలి యియ్య నక్కఱలేదనియు సంతోషముతో చెప్పెను. ఫోనులో పాట పెట్టి చూపెను. మేము పట్టుమని పది క్షణములు వినకయే చేయి యెత్తి ఆపుమంటిమి. సినిమా పాటయే కావలెనన్న మంచి పాత పాట నొకదానిని మేమే చెప్పుదుమంటిమి. తల్లిదండ్రుల యెదుట, మిషను పెద్దల యెదుట పాడు పాటలో భాష శుద్ధముగా నుండవలదా యని గూడ అంటిమి. ఆ పాటలోని భాష ఆ బాలుర యిండ్లలోని భాషయే. ఆ మాటకు వచ్చిన, మా యింటిలోని భాషయు నదియే. (ఈ వ్యాసము వ్రాయుచున్న భాషను ఏ యింటను ఎవ్వరును మాటలాడరని మాకును తెలియును.) డప్పు నేర్చిన బాలుడు ఒక్క ప్రశ్న వేసెను: "సార్, పాట మొత్తం విన్నరా?" వినవలసిన పని లేదని బదులు చెప్పితిమి.

తక్కిన మువ్వురు మేము చెప్పిన 1951 నాటి పాటను వినయముతో నేర్చి పాడిరి. తల్లిదండ్రులు మర్యాదకు చప్పట్లు చఱచిరి. నాలుగవ బాలుడు అభ్యాసమునకు రాలేదు. ఉత్సవమునాడు మాత్రము వచ్చి, ఎవ్వరును చెప్పకయే, అతిథులకు కుర్చీలు వేసి, సభ ముగిసిన పిదప ఆ కుర్చీలను తిరిగి తరగతి గదులలో పెట్టి వెళ్లెను. ఆనాడు మాకది మంచి నడవడిగా తోచినది.

2025 ఆగష్టు మాసారంభమున జాతీయ చలనచిత్ర పురస్కారములు ప్రకటింపబడినవి. అందు 2023 సంవత్సరమునకు ఉత్తమ గీతరచయితగా కాసర్ల శ్యాం ఎన్నుకొనబడెను. ఆ గౌరవము తెచ్చినది బలగంలోని ఆ పల్లెటూరి పాటయే. మా సహాధ్యాపకురాలొకరు వార్తాపత్రికను మా బల్లమీద నుంచి, ఆ వార్తమీద వ్రేలు పెట్టి, ఏమియు అనక తన తరగతికి పోయిరి.

బహుమతి వచ్చుటచేత పాట మంచిదగునని మేమనుట లేదు. బహుమతి రాని మంచి పాటలు అనేకములు గలవు. మాకు సిగ్గు కలిగించినది బహుమతి కాదు, ఆ బాలుని ప్రశ్న. ఆ సాయంకాలము ఇంట కూర్చుండి పాటను మొదటినుండి తుదవఱకు మూడు మాఱులు వింటిమి. భీమ్స్ సిసిరోలియో కట్టిన వరుస, రామ్ మిరియాల, మంగ్లీ పాడిన పాట. పల్లెను తల్లితో పోల్చి, తెల్లవాఱినది మొదలు అచ్చటి పనిపాటలను, రక్తబంధము లేకున్నను ఒకరినొకరు వరుసలు పెట్టి పిలుచుకొను తీరును కవి యందు చెప్పినాడు. మేము ప్రతిసంవత్సరము "పల్లెటూరు" అను శీర్షికను నల్లబల్లమీద వ్రాసి, వ్యాసము వ్రాయుమని చెప్పి కుర్చీలో కూర్చుందుము. వచ్చు నలుబది వ్యాసములలో ముప్పదియైదు "పల్లెలు దేశమునకు పట్టుగొమ్మలు" అను వాక్యముతోనే మొదలగును. ఆ వాక్యము నేర్పినది మేమే. పల్లెలో కోడి కూయు వేళ ఎవరి యింట ఏమి జరుగునో వ్రాయవచ్చునని మేమెన్నడును చెప్పియుండలేదు. ఆ పాట వినియున్నచో ఒకవేళ చెప్పియుందుమేమో.

ఆ చిత్రపు తుదిలో ఇంకొక పాట గలదు. బుడగ జంగాల కళాకారులైన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చనిపోయినవానిని తలచుకొని పాడునది. 2023లో ఆ చిత్రమును అనేక గ్రామములలో నడివీధిని తెఱ కట్టి ఊరంతయు కలసి చూచినది. పాట వినునప్పుడు మగవారును కంట తడి పెట్టిరనియు, ఏండ్ల తరబడి మాటలు లేని అన్నదమ్ములు కొందఱు చిత్రము చూచి కలిసికొనిరనియు పత్రికలు వ్రాసినవి. ఆ మొగిలయ్య 2024 డిసెంబరు మాసమున వరంగల్లులో మరణించెను. మేము చేయి యెత్తి పాట ఆపుమనిన మాసమది.

ఇట్లేల చేసితిమని ఆలోచింపగా, ఈ గుణము మాతో మొదలైనది కాదని తోచినది. మా తాతగారికి పాటయన్న నాటకములోని పద్యమే. సురభివారి డేరా వచ్చినదన్న నాలుగు కోసులు నడచి పోయి, హరిశ్చంద్రుడు కాటిలో పాడు పద్యములను తెల్లవాఱుదాక విని వచ్చెడివారట. నటుడు పద్యమెత్తి రాగము తీసినచో డేరా వెలుపలి బండ్లవాండ్రకు వినబడవలెను, వినబడిననే పాట. మా తండ్రిగారు రేడియోలో ఘంటసాల పాడిన "పుష్పవిలాపము" పద్యములను పెట్టి ముగ్ధులగుచుండగా, మా తాతగారు "వాడు పద్యం చదువుతున్నడా, మూలకు కూసొని ఏడుస్తున్నడా?" అని అడిగెడివారని మా అమ్మగారు ఇప్పటికిని చెప్పి నవ్వుదురు.

మా తాతగారి మాట మూర్ఖత్వము కాదు. మైకు లేని కాలపు చెవి వారిది. 1932లో మన తొలి పూర్తి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" వచ్చినపుడు నటులు తామే పాడవలెను, నటించుచునే పాడవలెను. కావున రంగస్థలమునుండి వచ్చిన గట్టి గొంతులకే గిరాకి. వేఱొకరు పాడగా నటులు పెదవులు కదపు పద్ధతి వచ్చిన పిదప ఆ అవసరము తీఱినది. 1943 నాటి "భాగ్యలక్ష్మి"లో రావు బాలసరస్వతీదేవి తెఱవెనుక నుండి పాడి, తెలుగున తొలి నేపథ్యగాయని యని పేరొందిరి. మైకు ఎదుట నిలిచినవారు అఱవ నక్కఱలేదు, చెవిలో చెప్పినట్లు పాడవచ్చును. ఆ సౌకర్యమును ఎఱిగి వాడుకొన్నవారిలో ఘంటసాల వెంకటేశ్వరరావు అగ్రగణ్యుడు. 1922లో గుడివాడ సమీపమున చౌటపల్లిలో పుట్టి, విజయనగరమునకు పోయి, వారములు చేసికొని, మధూకరమెత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారియొద్ద శాస్త్రీయముగా సంగీతము నేర్చినవాడు. 1942 ఉద్యమమున చెఱసాలకు పోయినవాడు. అట్టివానికి గొంతు లేకనా మెల్లగా పాడినది? పద్యములోని దుఃఖమును మెల్లగా చెప్పవచ్చునని మైకు ఆయనకు నేర్పినది. మా తాతగారి చెవికి ఆ మెత్తదనము బలహీనతగా వినబడినది. అంతియే.

మా తండ్రిగారి వంతు తరువాత వచ్చినది. వారికి 1951 నాటి "మల్లీశ్వరి", 1953 నాటి "దేవదాసు", 1957 నాటి "మాయాబజార్" – ఇవియే కొలబద్దలు. దేవులపల్లి కృష్ణశాస్త్రి తొలిసారిగా సినిమాకు పాటలు వ్రాసినది మల్లీశ్వరికే యనియు, మాయాబజారులో కొన్ని పాటలకు సాలూరి రాజేశ్వరరావు వరుసలు కట్టి విరమింపగా తక్కిన పని ఘంటసాల పూర్తిచేసెననియు మాకు భోజనముల వేళ చెప్పెడివారు. 1955 నాటి "మిస్సమ్మ" యన్న వారికి మఱింత ప్రీతి. ఉపాధ్యాయోద్యోగముకొఱకు ఒక హిందువును ఒక క్రైస్తవ కన్యయు భార్యాభర్తలమని బొంకవలసివచ్చిన కథ గదా. "మీ యుద్యోగములు అంతకంటె సులువుగా వచ్చినవా?" యని మేము బి.యెడ్. ముగించి ఖాళీగా నున్నకాలమున మమ్ము ఎత్తిపొడిచెడివారు.

ఆ తండ్రిగారికి, 1994లో "ప్రేమికుడు" చిత్రపు క్యాసెట్టు మేము తెచ్చినపుడు, పట్టరాని కోపము వచ్చెను. ఆ చిత్రమునకు ఎ. ఆర్. రెహమాన్ సంగీతము. అతడు 1992లో "రోజా"తో వచ్చి, మా యీడువారి చెవులను ఒక్కసారిగా మార్చివేసెను. అరువది నిమిషముల ఖాళీ క్యాసెట్టు కొని, కావలసిన పాటల పట్టిక కాగితముమీద వ్రాసి బజారులోని రికార్డింగు దుకాణమున ఇచ్చినచో, రెండు దినములకు నింపి యిచ్చెడివారు. ఒక్కొక్క ప్రక్కను ముప్పది నిమిషములు; కావున చివరి పాట సగములో తెగెడిది. ఆ తెగిన చోటు వఱకే నేటికిని ఆ పాట మాకు కంఠస్థము. ఆ నాటి మా యైశ్వర్యమంతయు అట్టి పదునాలుగు క్యాసెట్లు. ప్రేమికుడు మ్రోగుచుండగా మా తండ్రిగారు లోపలికి వచ్చి, "పాటనా ఇది? పిండిగిర్ని చప్పుడు!" అని క్యాసెట్టును తీసి అటకమీదికి విసరిరి. అది అటకమీద ఎన్ని నాళ్లున్నదో, మేమెన్ని రాత్రులు ఎత్తుపీట వేసికొని దానిని దింపితిమో చెప్పిన విద్యార్థులకు చెడు మార్గము చూపినవారమగుదుము.

పిండిగిర్నియని వారన్నదియు మా తాతగారి మాట వంటిదే. ఘంటసాల కాలమున గాయకుడును వాద్యగాండ్రును ఒక్క గదిలో నిలువబడి ఒక్క పట్టున పాట పూర్తిచేయవలెను. ఒక వేణువు తప్పిన అందఱును మొదటికి రావలెను. పాట వెనుక మనుష్యులు కూర్చున్నట్లు వినబడుట అందుచేతనే. కంప్యూటరు వచ్చిన పిదప ఒక్కొక్క ధ్వనిని వేఱువేఱుగా పట్టి అతుకవచ్చును. గాయకుడు ఒంటరిగా వచ్చి పాదమునకొక పాదము పాడి పోవచ్చును. తాళపు దెబ్బ గుండెలో తగులునట్లు పెంచవచ్చును. ఆ దెబ్బకు అలవాటుపడని చెవికి అది యంత్రము చప్పుడే. మాకు అది నెత్తురు పరుగువలె నుండెను. ఇప్పుడు మా విద్యార్థులు వినునది మాకు చప్పుడుగా నున్నది. మూడు తరముల కోపమును ఒకచోట పెట్టి చూచినపుడు నవ్వు వచ్చినది. కాని మా తండ్రిగారు ఒక క్యాసెట్టును మాత్రమే అటకమీదికి విసరిరి. మేమొక బాలుని ప్రదర్శనమునే ఆపితిమి.

పాత పాటలన్నియు మంచివే, క్రొత్తవన్నియు చెడ్డవే యను మాటలో ఒక లెక్క తప్పు గలదు. మా తండ్రిగారి ట్రంకుపెట్టెలో సినిమా పాటల పుస్తకములు గలవు. వెనుకటి దినములలో టాకీసు గుమ్మమువద్ద అవి అమ్మెడివారు. కథాసంగ్రహము సగములో ఆపి, "శేషము వెండితెఱపై చూడుడు" అని ముగించెడివారు. గత వేసవిలో ఆ పెట్టె విప్పి ఒక్కొక్క పుస్తకమే చదివితిమి. పదింట తొమ్మిది పాటలను మేమెన్నడును విని యెఱుగము. మా తండ్రిగారికిని చాలవాని వరుసలు జ్ఞాపకము లేవు. కొన్నిటిలో ప్రాస తప్ప వేఱేమియు లేదు. కొన్నిటిని మా అమ్మగారి యెదుట పైకి చదువలేకపోతిమి. ఆ కాలమున పాటలకు కొదువ యెన్నడును లేదు. 1932 నాటి హిందీ చిత్రము "ఇంద్రసభ"లో దాదాపు డెబ్బది పాటలుండెను. అందు ఎన్ని నేడు ఎవరి నోట నున్నవి? కాలము చేట పట్టుకొని చెఱిగినది, పొట్టు పోయినది, మిగిలిన బియ్యమును చూపి, ఆ పొలమున పొట్టే పండలేదని మేము చెప్పుచున్నాము. క్రొత్త పాట ఇంకను కళ్లములో నున్నది. అందు తాలు గలదు, రాళ్లును గలవు.

రాళ్లను గూర్చియు చెప్పవలెను. లేనిచో మేము పిల్లల మెప్పు కొఱకు వ్రాయుచున్నామని తల్లిదండ్రులు అనుకొందురు. తెలుగు రాని గాయకులచేత పాడించి, "ళ"ను "ల"గా, "ణ"ను "న"గా, ఒత్తులు లేకుండ పలికించుట మాకు పంటిక్రింది రాయి వంటిది. తెలుగు చెప్పు బోధకునకు ఆ బాధ తప్పదు. మాటలను వాద్యములలో ముంచివేయుట మఱొక తప్పు. ఆడపిల్లను వెంటాడుటయే శౌర్యమని చెప్పు పాటలు క్రొత్తవానిలో నున్నవి. అవి మా క్యాసెట్లలోను ఉండెను, మేము ఆలోచింపక పాడుకొంటిమి. పాటల పుస్తకములలోను ఉండెను. ఐదవ తరగతి బాలికచేత పెద్దల శృంగారపు పాటకు వేదికమీద ఆడించి, ఫోనులతో చిత్రములు తీసికొను తల్లిదండ్రులను మేమెఱుగుదుము. ఆ బాలిక ఆ పాటను కోరలేదు; పెద్దవారు ఎంచి యిచ్చిరి. ఇట్టిచోట్ల "వలదు" అనుట మా ధర్మమే. అయితే విని అనవలెను.

వినక నిషేధించుట ఎట్టి ఫలమిచ్చునో మన దేశము ఒకటి రెండు మాఱులు చూచినది. ప్రతి యుదయము మన ప్రార్థనకు శ్రుతి చేయు హార్మోనియమునే తీసికొనుడు. మన సంగీతపు గమకములు దానిపై పలుకవని 1940లో ఆలిండియా రేడియో దానిని తన గదులనుండి వెడలగొట్టి, దాదాపు ముప్పది యేండ్లు లోపలికి రానీయలేదు. గమకములనుగూర్చి వారు చెప్పినది శాస్త్రరీత్యా సరియే. అయినను ఆ ముప్పది యేండ్లును హార్మోనియము నాటకశాలలోను, భజనమందిరములోను, బడిలోను మ్రోగుచునే యుండెను. పిమ్మట 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ సినిమా పాట జాతి యభిరుచిని చెఱచుచున్నదని తలచి రేడియోలో దాని నణచివేసెను. శాస్త్రీయ సంగీతమునకు కాలము పెంచెను. ఆయన సంగీతమునందు నిజమైన భక్తి గలవాడు. ఉద్దేశము చెడ్డది కాదు. వినువారేమి చేసిరి? రేడియో ముల్లును సిలోనుకు త్రిప్పిరి. ఆ సంవత్సరమే అచ్చట మొదలైన "బినాకా గీతమాల"ను దేశమంతయు వారము వారము ఎదురుచూచి వినెను. తుదకు 1957లో ప్రభుత్వమే వివిధభారతి యను పేర ప్రత్యేక ప్రసారము పెట్టి, వెడలగొట్టిన పాటను తిరిగి పిలిచెను. ఆ యైదేండ్లలో మంత్రిగారు పోగొట్టుకొన్నది శ్రోతలను మాత్రమే కాదు. ఏ పాట మంచిది, ఏది కాదు అని వారితో మాటలాడు అవకాశమును గూడ.

మా పాఠశాలకు సిలోను, ప్రతి విద్యార్థి యింటనున్న ఫోను. ఇచ్చట మేము వలదన్న పాటను వాడు బడి గంట కొట్టిన పది నిమిషములకు చెవులలో తీగెలు పెట్టుకొని వినుచునే యుండును. అయితే ఇక మాకు చూపడు.

"శంకరాభరణం" చూపి మమ్ము ఖండించువారును కలరు. చూచితిరా, శుద్ధ సంగీతమునకు ప్రజలెట్లు నీరాజనము పట్టిరో అందురు. 1980లో విడుదలయై ఇల్లిల్లు పాడిన ఆ చిత్రము మాకును ప్రియమైనదే. కాని శంకరశాస్త్రికి గొంతు నిచ్చి జాతీయ పురస్కారము పొందిన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము కర్ణాటక సంగీతమును గురువునొద్ద క్రమముగా అభ్యసించినవాడు కాడు. ఇంజనీరింగు చదువుకు పోయి, 1966లో సినిమాకు తొలిపాట పాడి, చిలిపి పాటలును తాగుబోతు పాటలును పాడుచు వచ్చిన మనుష్యుడు. కె. వి. మహదేవన్ కట్టిన వరుసలను విని విని నేర్చి పాడెను. సినిమా పాటను త్రోసివేయుటకు సినిమా పాటనే సాక్షిగా పిలుచుట చిత్రము. ఆయన 1996 మొదలు "పాడుతా తీయగా" కార్యక్రమమున ఎందఱు బాలబాలికలను ఎదుట నిలువబెట్టుకొని వినెనో తెలుగువారందఱు ఎఱుగుదురు. పిల్ల తప్పు పాడినను మధ్యలో ఆపెడివాడు కాడు. పాట ముగిసిన పిదపనే తప్పు చెప్పెడివాడు. 2020 సెప్టెంబరులో ఆయన మరణించినపుడు మేము తరగతిలో (అప్పుడు తరగతియన్న ఫోనులోనే గదా) ఆయననుగూర్చి పావుగంట మాటలాడితిమి. ఆ పావుగంటలో ఈ ఒక్క సంగతి మాత్రము మాకు తట్టలేదు.

"నాటు నాటు" కథ అందఱికిని తెలిసినదే. 2022లో ఆ పాట వీధులలో మ్రోగుచుండగా చెవులు మూసికొన్న పెద్దలు, 2023 మార్చిలో దానికి ఆస్కారు రాగానే చంద్రబోసు మా ఓరుగల్లు ప్రాంతపువాడనియు, కీరవాణి మా కాలమువాడనియు ఎదురేగి ఆహ్వానించిరి. ఆ పెద్దలలో మేమును నుంటిమి. మిఠాయిలు గూడ పంచితిమి.

ఇక మేము చేయుచున్నదేమనగా, ఈ సంవత్సరము నిషిద్ధ గీతముల పట్టికను తీసివేసితిమి. పాట పాడదలచినవారు దాని మాటలను తమ చేవ్రాతతో వ్రాసి తేవలెను. మా యెదుటను, ఒక తల్లియో తండ్రియో ఎదుటను, రాగము లేకుండ వచనమువలె పైకి చదువవలెను. తరువాత పాటను తుదివఱకు వినిపింపవలెను. అంతవఱకు మేము నోరు విప్పగూడదు. మాకు బదులుగా, మేము మెచ్చిన పాత పాటనొకదానిని వారును తుదివఱకు వినవలెను, మధ్యలో నవ్వరాదు. ఇప్పటికి ఏడు పాటలు వచ్చినవి. తొమ్మిదవ తరగతి బాలురు తెచ్చినదానిలో రెండవ చరణము చదువవలసి వచ్చినపుడు, ఒకని తల్లి కుట్టుపని ఆపి తల యెత్తి చూచెను. చదువువాడు ఆగి, "వేరే పాట తెస్తం సార్" అని కాగితము మడచి జేబులో పెట్టుకొనెను. మేము ఒక్క మాట అనవలసిన పని లేకపోయెను. ఒక బాలిక 1986 నాటి "సిరివెన్నెల" చిత్రమునుండి సీతారామశాస్త్రి వ్రాసిన పాటను తెచ్చినది. తన తల్లి వంట చేయుచు పాడునట. ఆ పిల్ల పుట్టుటకు పాతికేండ్ల ముందరి పాట. మేము ఎన్నడును చెప్పకయే పాత పాట ఆ పిల్లను చేరుకొన్నది. ఇంకొక పాటలో మాకు ఒక్క మాటయు అర్థము కాలేదు. మఱల వినిపింపుమని కోరితిమి. రెండవ మాఱును అర్థము కాలేదు. అయినను అది పట్టికలో నున్నది. పిల్లలు అర్థము వ్రాసి తెచ్చెదమనిరి.

డప్పు నేర్చిన బాలుడు పదియవ తరగతి మంచి మార్కులతో ఉత్తీర్ణుడై, ఇప్పుడు ఇంటరు చదువుచున్నాడు. అతని చెల్లెలు మా ఎనిమిదవ తరగతిలో నున్నది. గత మాసమున మేము సెలవునాడు వారి యింటికి పోయితిమి. బాలుడు బయటికి వచ్చి, కూర్చుండుటకు కుర్చీ వేసెను. పాట మొత్తము వింటినని అతనితో చెప్పితిమి. అతడు తల వంచుకొని నవ్వి, "ఎట్లుంది సార్?" అని అడిగెను. చెప్పితిమి. ఈ సంవత్సరము పూర్వవిద్యార్థిగా వచ్చి పాడవలెనని కోరగా, తాతగారిని అడిగి చెప్పుదుననెను.

మొన్న సోమవారము చెల్లెలిచేత కబురు వచ్చినది. తాతగారును వత్తురట. చలి దినములు గనుక డప్పు తోలు సాగి మెత్తబడును. పాటకు ముందు గడ్డిమంటమీద దానిని కాచుకొనుటకు బడి యావరణములో చోటు కావలెనట. చేతిపంపు ప్రక్క ఖాళీగా నున్న చోటును ప్రధానోపాధ్యాయులవారికి చూపి అనుమతి తీసికొంటిమి. గడ్డి మేము తెప్పించెదము.